మొదటి కప్పు ఎవరికి?

మా మిత్‌ఖాల్ బాబాయికి ఒకే ఒక్క పిచ్చి. నలుగురు కూడితే ఎవరు ముందో, ఎవరు వెనకో తేల్చందే కాఫీ పొయ్యడు. మా తెగ పెద్ద షేక్ గుడారంలో కాఫీ కూజా ఆయన చేతిలోనే ఉండేది కాబట్టి, ఆయన తేల్చేదాకా మా తెగంతా నోరెండబెట్టుకుని కూర్చునేది.

ఈ విద్య ఆయన కోళ్ళ దగ్గర నేర్చాడు. పొద్దున్నే గూడు ముందు గొంతుక్కూర్చుని ఏది దేన్ని పొడిచిందో చూసేవాడు. "మనుషులూ ఇంతేరా. కాకపోతే ముక్కుతో పొడుచుకోరు," అనేవాడు.

చిక్కేమిటంటే కొలత రోజుకో రకం. ఒకరోజు వయసు. ఒకరోజు ఎండలో ఎక్కువ దూరం నడిచొచ్చినవాడు. ఇంకోరోజు పళ్ళు తక్కువున్నవాడు. ఆ రోజు షేక్ అన్నగారంతటివాడు నోరు తెరిచి చూపించాల్సి వచ్చింది. నాకు పాతికేళ్ళు, ముప్ఫై రెండు పళ్ళు, పక్కనే గుడారం. ఏ కొలత పెట్టినా చివరికి మిగిలేది నేనే. ఎందుకో బొత్తిగా అర్థమయ్యేది కాదు.

ఆ ఏడు మఆన్ ఊరి వైపు నుంచి గొర్రెల జబ్బొచ్చి మా తెగలోని అవ్వాద్ మంద పోయింది. మిగిలినవి పదహారు గొర్రెలు. వంతు పెద్ద మందలకే కాబట్టి, మందతోపాటు బావి దగ్గర నీళ్ళ వంతూ పోయింది. నీళ్ళు లేకపోతే ఆ పదహారూ వారం బతకవు. ఒకప్పుడు షేక్ పక్కన కూర్చున్న మనిషి ఒకరోజు వచ్చి గుడారం అంచున చెప్పులు విడిచేచోట కూలబడ్డాడు. అక్కణ్ణించి ఏం అడుగుతాడు పాపం!

బాబాయి కూజా ఎత్తాడు. "ఇవాళ చెప్పులకి అతుకులెక్కువున్నవాడు ముందు."

"మొన్న పళ్ళన్నావు కదయ్యా!" అన్నాడు షేక్ అన్నగారు.

"అది మొన్న."

మొదటి కప్పు అవ్వాద్‌కి వెళ్ళింది. అతను తాగకుండా నేల మీద పెట్టాడు. మా ఆచారంలో అలా పెట్టాడంటే ఏదో అడగబోతున్నాడన్నమాట. ఇస్తాననేదాకా అతను తాగడు. అతను తాగేదాకా ఇంకెవరికీ చుక్క పడదు.

"నా గొర్రెలకి బావి దగ్గర ఒక్క వంతు, షేక్."

షేక్ అవ్వాద్‌ని చూశాడు, కూజాని చూశాడు, నోరెండిన తెగని చూశాడు. "తాగవయ్యా తాగు. ఇచ్చాను!"

మర్నాడు గూడు దగ్గర బాబాయిని పట్టుకున్నాను. ఈకలూడిన బక్క కోడికి దోసిట్లో గింజలు ముందు తినిపిస్తున్నాడు. మిగతా కోళ్ళు నాలాగే తెల్లమొహం వేసుకుని నిలబడ్డాయి.

"ఇప్పుడర్థమైంది బాబాయ్. కానీ నాకెందుకు ఎప్పుడూ చివరి కప్పు?"

"నీకేం తక్కువరా?" అన్నాడు, కోడి వీపు నిమురుతూ.

ఆ రోజూ నా దాకా వచ్చేసరికి కాఫీ చల్లారిపోయింది. అడిగి మరీ రెండో కప్పు పోయించుకున్నాను.