ఎర్ర పెట్టె మీద దేసాంకా పగ

నీష్ పట్టణంలో దేసాంకా కంప్యూటర్లు బిగించే మనిషి. దుకాణానికి వచ్చినవాణ్ని ముందు కూర్చోబెట్టి, కాఫీ పోసి, దానితో ఏం పని చేస్తావని అడిగాకే ప్రాసెసర్ పెట్టె చేతికిచ్చేది. ఆటల పిచ్చోళ్లకు నీలం కంపెనీది. గంటల తరబడి వీడియోలు కూర్చేవాళ్లకు కోర్లు ఎక్కువున్న ఎర్ర కంపెనీది. ఉత్తరాలు టైపు చేసుకునే ముసలాయనకు చవకది ఏదైనా చాలు. అవసరానికి మించింది అంటగట్టడం ఆమె దృష్టిలో దొంగతనమే.

భాగస్వామి వుకాషిన్‌కు ఈ అడగడాలు గిట్టలేదు. ఎర్రదానిమీద లాభమెక్కువ, అందరికీ అదే అమ్ముదామన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. దాంతో, పాత ప్రాసెసర్లను కొత్త పెట్టెల్లో పెట్టి అమ్ముతోందని ఊరంతా టాంటాం వేసి ఆమెను బయటికి గెంటాడు. పరాయివాడైతే మర్చిపోయేదేమో. వుకాషిన్ ఆమె కూతురి జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రిగా నిలిచిన కూమ్. కూమ్ అంటే అక్కడ తోడబుట్టినవాడికన్నా ఎక్కువ. దేసాంకా వాడికి ఎదురుగానే దుకాణం తెరిచి, ఎర్ర పెట్టె ఒక్కటి కూడా తన గడప తొక్కకూడదని పంతం పట్టింది. ఆ పంతంవల్ల నష్టం తనకేనని తెలిసినా దిగిరాలేదు.

ఒకరోజు పెళ్లి వీడియోలు తీసే తిహోమిర్ వచ్చాడు. బాకా మేళాలతో రెండేసి రోజులు సాగే పెళ్లిళ్లు కూర్చలేక అతని పాత మిషన్ మొరాయిస్తోంది. అతనికి కావలసింది ఎర్రదే. ఎదుటి గుమ్మంలో వుకాషిన్ సిగరెట్ కాలుస్తూ ఇటే చూస్తున్నాడు. దేసాంకా చెయ్యి అప్పటికే నీలం పెట్టె అందుకుంది. ఇది అంటగడితే మోసగత్తెనని వాడు వేసిన నింద నిజమైపోతుందని అప్పుడు తట్టింది. పెట్టె తిరిగి అరలో పెట్టేసింది.

"నీ పనికి సరిపోయేది నా దగ్గర లేదు. ఎదురుగా వాడి దగ్గరుంది, పో."

దేసాంకా చేతులెత్తేసిందని వుకాషిన్ ఊరంతా చెప్పుకుని నవ్వాడు. ఆమె పళ్లు నూరుకుంది.

డిసెంబరులో ఆమె ఇంటి వేల్పు సెయింట్ నికోలా పండుగ వచ్చింది. ఆ పండుగకు ఎవర్నీ పిలవరు, వచ్చినవాళ్లను పొమ్మనరు. కూమ్ రాకపోతే ఊరు ఆడిపోసుకుంటుంది గనక వుకాషిన్ కూడా వచ్చాడు. ఆ పండుగకు వండే తీపి గోధుమలు ముందు అతనికే పెట్టింది.

"ఏం కూమా, నీ బేరాలు కూడా నాకే పంపుతున్నావట?" అన్నాడు అందరూ వినేలా.

ఆమె బల్లకు అటు చివరనున్న తిహోమిర్ వైపు తిరిగింది. "ఎందుకు పంపానో చెప్పవయ్యా."

"నా పనికి నీ దగ్గరున్నదే మేలని పంపింది," అన్నాడు తిహోమిర్. "మా తమ్ముడు ఆటలకని నీ దగ్గరికొస్తే వాడికీ ఎర్రదే అంటగట్టావు. ఈమె దగ్గరికి పొమ్మనలేదేం? వచ్చిన బేరాన్నే పంపించేసిన మనిషి పాత సరుకు అమ్ముతుందా, వుకాషిన్?"

బల్ల చుట్టూ చెంచాలు ఆగిపోయాయి. ఆ నింద నమ్మి ఆమె దుకాణం మానేసినవాళ్లు సగం మంది అక్కడే ఉన్నారు. వుకాషిన్ కుర్చీ వెనక్కి జరిపి లేవబోయాడు.

"కూర్చో కూమ్, చేపలింకా రాలేదు. సగంలో లేస్తే నికోలా నొచ్చుకుంటాడు."

కూర్చోక తప్పలేదు. పండుగనాడు ఇంటి యజమాని కూర్చోకూడదు, నిలబడే వడ్డించాలి. దేసాంకా అతని పళ్లెంలో పెద్ద ముక్క వేసి, అందరి చూపుల మధ్య అతను చివరి ముద్ద మింగేదాకా పక్కనే నిలబడి చూసింది. ఆమె క్షమించలేదు. పళ్లెం ఖాళీ కాగానే మరో ముక్క వేసింది.