సార్ చెప్పమన్న వాక్యం

ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముందు గుర్తొచ్చేది అతని నోరు. జీడిపప్పు బద్దలు నములుతూనే పాఠం చెప్పేవాడు. పెదాల మూలల్లో తెల్లటి ముద్ద చేరేది, తుడుచుకునేవాడు కాదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పలాసలో జీడి ఫ్యాక్టరీ పక్క మేడ మీద అతని స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు. కింద జీడిపిక్కలు కాల్చే పొగ, పైన ఈయన. ఏది ఎక్కువ వెగటో చెప్పలేను.

మాది డొంకూరు. నాన్న సముద్రం మీద వేటకెళ్ళేవాడు. ఇంటర్ అయ్యాక నన్ను పలాసలో పిన్ని ఇంట్లో ఉంచి ఆ క్లాసులో చేర్పించాడు. ఇంగ్లీష్ వస్తే ఎండలో చేపలు ఆరబెట్టే బతుకు నాకు తప్పుతుందని ఆశ. ఇంగ్లీష్ చెప్పేవాళ్ళంటే ఆయనకు దేవుళ్ళతో సమానం.

ఆరోజు పాఠం భవిష్యత్తు గురించి. ఏదో జరుగుతుందని మనం అనుకుంటే 'విల్' అట. జరగబోయేదానికి గుర్తు కళ్ళముందే కనిపిస్తుంటే 'గోయింగ్ టు' అట. బయట గాలి కిటికీ రెక్కల్ని కొడుతోంది. తుపాను వస్తోంది, వేటకు వెళ్ళొద్దని రేడియోలో పొద్దుటి నుంచీ చెబుతున్నారు. నాన్న అప్పటికే సముద్రంలో ఉన్నాడని పిన్నికి కబురొచ్చింది. సార్‌కి ఆ సంగతి చెప్పి, ఇంటికి పంపించమని అడిగాను.

పంపలేదు. నన్ను లేపి నిలబెట్టాడు.

"మంచి ఉదాహరణ దొరికింది. ఆకాశం చూడు. మై ఫాదర్స్ బోట్ ఈజ్ గోయింగ్ టు సింక్. ఊఁ, అను."

మా నాన్న పడవ మునిగిపోబోతోందని నా నోటితో నేను అనాలి. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, ఈయన్ని చూశాకే నమ్మాను. మా ఇళ్ళల్లో వేటకెళ్ళే మగాడు గడప దాటేటప్పుడు 'వెళ్తాను' అని కూడా అనడు, 'ఎల్లొత్తాను' అంటాడు. పైన తథాస్తు దేవతలుంటారు మరి. నేను నోరు విప్పలేదు. వెనక బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వాడు. మూఢనమ్మకాలున్న చోట ఇంగ్లీష్ రాదని సార్ నన్ను క్లాసయ్యేదాకా నిలబెట్టాడు.

నాన్న వచ్చాడు. పడవ గాలికి కొట్టుకుపోయి ఎక్కడో భావనపాడు దగ్గర ఒడ్డెక్కిందట. సముద్రం నెమ్మదించాక మళ్ళీ వేటకెళ్ళి, తాజా సందువ చేపలు పట్టుకుని పలాస వచ్చాడు. నాకనుకున్నాను. సార్‌కి. వద్దు నాన్నా అంటే వినలేదు. ఎందుకో చెప్పాలంటే ఆ మాట అనాలి, అందుకని ఊరుకున్నాను.

గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు నాన్న. సార్ సంచీ అందుకుని, విప్పి, వాసన చూశాడు. పెదాల మూల అదే ముద్ద. చేపను వేలితో నొక్కి చూస్తూ, "మీ అమ్మాయికి తెలివుంది కానీ మొండి. చెప్పమన్న వాక్యం చెప్పదు," అన్నాడు. ఆ పడవలో పట్టిన చేపే అది.

నాన్న సిగ్గుపడిపోయి నా వైపు తిరిగాడు. "ఏటమ్మా, సారు సెప్పమంటే సెప్పాల గదా. సెప్పు, నాను ఇంటాను."

సార్ నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూశాక నాకు దేవతల భయం పోయింది.

"నీ పడవ ములిగిపోతాదని అనమన్నాడు నాన్నా. నువ్వు సముద్రంల ఉన్న రోజే."

నాన్న సార్ చేతిలోంచి సంచీ తీసుకున్నాడు. లాక్కోలేదు, మర్యాదగానే తీసుకున్నాడు. చెప్పులేసుకుని నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎలిపోతన్నాం సారూ," అన్నాడు.

గడప దగ్గర ఆయన నోట ఆ మాట నేను వినడం అదొక్కసారే.