ఎత్తి పోసుకున్న టీ

గుంటూరు శివారు కోల్డ్ స్టోరేజీలో ముప్పై ఏళ్ళుగా మిరపకాయల తొడిమలు తీసి తీసి ఖుర్షిదా ఒళ్ళు అలిసిపోయింది. దగ్గు మాత్రం అలవలేదు. ఆ ఘాటులో పని మానకపోతే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు చెప్పేశాడు. మానేసి ఏం తినాలో మాత్రం చీటీ మీద రాయలేదు.

అంతలో యజమాని, విదేశీ బేరగాళ్ళ కోసం అమరావతి రోడ్డులో జపాను తోట ఒకటి వేయించాడు. అక్కడ అతిథులకు టీ అందించడానికి నిదానంగల మనిషి కావాలట. మేస్త్రీ ఖుర్షిదా పేరు చెప్పాడు. ఆ పని దొరికిందంటే, తంతే బూరెల గంపలో పడ్డట్టే. నిన్న సాయంత్రం దాకా కాయల్లోనే ఉన్న చేతుల్ని మజ్జిగలో నానబెట్టి, కొబ్బరినూనె రాసి, సబ్బుతో నాలుగుసార్లు కడుక్కుని మరీ వచ్చింది.

తోట బాధ్యత చూసే శ్రీరమ్య ఆమెను చాప మీద కూర్చోబెట్టింది. "ముందు మీరు తాగండి ఖుర్షిదమ్మా. తాగడం తెలిస్తేనే ఇవ్వడం తెలుస్తుంది."

ఎదురుగా చిన్న కొలను, నాచు పట్టిన రాళ్ళు, గొర్రు తోలినట్టు చాళ్ళు తీసిన తెల్లటి సన్న కంకర. ఏమీ మొలవని చాళ్ళకి ఇంత చోటు దండగ అనుకుంది ఖుర్షిదా. పావుగంట గడిచాక గాని తనకు దగ్గు రాలేదని గమనించలేదు. గమనించగానే ఏడుపొచ్చినంత పనైంది.

పచ్చటి టీ గిన్నెలో వచ్చింది. ఖుర్షిదా తలెత్తి, గిన్నె పెదవికి ఆనకుండా ఎత్తి పోసుకుంది. కాయల దగ్గర పనిచేసే ఆడవాళ్ళంతా అంతే. అంచుకి వేలు తగిలితే మూతి మండిపోతుంది.

శ్రీరమ్య నవ్వింది. "అలా కాదండీ. ఆనించుకునే తాగాలి. తాగాక అంచు వేలితో తుడిచి పక్కవాళ్ళకివ్వాలి. అందరికీ ఒకటే గిన్నె. ఏదీ, నాకివ్వండి."

ఖుర్షిదా చెయ్యి ఆగింది. చెబితే పని పోతుంది. మజ్జిగ మీద భారం వేసి, ఆనించి ఒక గుక్క తాగి, అంచు తుడిచి ఇచ్చింది.

శ్రీరమ్య ఒక్క గుక్కకే పెదవులు పట్టుకుంది. కళ్ళ వెంట బొటబొటా నీళ్ళు.

"గోళ్ళల్లో ఉండిపోయిందమ్మా," అంది ఖుర్షిదా. "తెలిసే ఇచ్చాను. తప్పే."

శ్రీరమ్య కోప్పడలేదు. "ఎన్నాళ్ళకి పోతుందండీ?"

"కాయలు మానేస్తే పోద్ది. మానాలంటే ఈ పని దొరకాలి."

"అతిథులు ఎల్లుండే వస్తున్నారండీ," అంది శ్రీరమ్య, ఆమె వంక చూడకుండా.

"సరేలేమ్మా. కాసేపు ఇక్కడే కూర్చోనా? ఊపిరాడుతోంది."

శ్రీరమ్య తలూపింది. గిన్నెలో మిగిలిన చల్లారిన టీని ఖుర్షిదా తన పద్ధతిలోనే, తలెత్తి, కొంచెం కొంచెంగా పోసుకుంది.