అమ్మ సవరం, పక్కింటి తాత ఊయల

నా చిన్నప్పుడు మా అక్క జడను చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. నడుం దాటిన జడ. నాకేమో గుండు. సిడ్నీ విమానం ఎక్కేముందు అమ్మ తిరుపతి తీసుకెళ్ళి నా మొక్కు తీర్చేసింది. అక్క మొక్కు పసితనంలోనే తీరిపోయిందట, అదృష్టవంతురాలు. ఇక్కడి బడిలో పిల్లలు నాకేదో జబ్బు చేసిందనుకుని జాలిపడేవాళ్ళు. అక్కను మాత్రం నోళ్ళు వెళ్ళబెట్టి చూసేవాళ్ళు. కుళ్ళి చచ్చేదాన్ని.

మా పక్కింట్లో ఒక తెల్లతాత ఉండేవాడు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో సర్కస్‌లో ఆడవేషం కట్టి, డేరా కప్పు కింద ఊయలల మీద ఎగిరి మహా పేరు తెచ్చుకున్నవాడు. చూసినవాళ్ళంతా ఆడమనిషే అనుకునేవాళ్ళట. ఆట చివర విగ్గు పీకేసి బట్టతల చూపిస్తే డేరా దద్దరిల్లిపోయేదట. ఆ ఫొటోలు చూసి నాన్న ఇబ్బందిగా దగ్గాడు. అమ్మ మాత్రం, "ఇందులో వింతేముందండీ? మా కృష్ణా జిల్లాలో మగవాళ్ళే ఆడవేషాలు కట్టి ఆడేవాళ్ళు కాదూ!" అని ఆయనకు పులిహోర పంపించింది.

తాత తన పెరట్లో మాకోసం నేలకు దగ్గరగా ఒక ఊయలకర్ర కట్టాడు. అక్క మోకాళ్ళతో దాన్ని పట్టుకుని తలకిందులుగా ఊగితే జడ గడ్డిని ఊడ్చేది. అందరూ ఆహా ఓహో! అక్క చేసినవన్నీ నేనూ చేసేదాన్ని, ఇంకా బాగానే చేసేదాన్ని. చూసే దిక్కేది?

తాత ఇది కనిపెట్టాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన పెరట్లో బార్బీ, అంటే నిప్పుల మీద మాంసం కాల్చుకు తినే విందు, పెడితే వీధివాళ్ళంతా వచ్చారు. అక్క మా వంటింట్లో అమ్మకు సాయం చేస్తోంది. తాత అమ్మనడిగి తెచ్చుకున్న సవరాన్ని ఒక నల్లటోపీకి కుట్టి నా నెత్తిన బిగించాడు. అక్క గౌనొకటి తొడుక్కుని ఊయలెక్కాను. అందరూ అక్కే అనుకుని, అక్కను పేరుపెట్టి పిలుస్తూ చప్పట్లు కొట్టారు. ఆ పిలుపు విని అక్క పెరుగుపచ్చడి గిన్నెతో బయటికొచ్చింది. జనం ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూస్తుండగా, తలకిందులుగా ఊగుతూనే నేను టోపీ లాగి పారేశాను. ఇక చూడండి, ఈలలు, కేకలు!

అక్క గిన్నె అక్కడే పెట్టి ఏడుస్తూ అమ్మ దగ్గరికి పరిగెత్తింది. "నాక్కూడా గుండు చేయించు. ఇప్పుడే!"

"ఇప్పటికిప్పుడు తిరుపతి ఎక్కణ్ణుంచి తేనే తల్లీ?" అంది అమ్మ.

నన్ను దించుతూ తాత మెల్లగా ఒక మాట చెప్పాడు. వేషంలో ఉన్నంతసేపూ ఆడవాళ్ళను చూసి కుళ్ళుకునేవాడట, వేషం తీశాక మగవాళ్ళను చూసి. గాలిలో ఉన్నప్పుడు మాత్రం ఎవరూ గుర్తొచ్చేవాళ్ళు కారట. నిజమే, ఊగినంతసేపూ నాకు అక్క జడ గుర్తే రాలేదు.

అంతమాత్రాన నా కుళ్ళు పోయిందనుకునేరు. అక్క మెల్‌బోర్న్‌లో పెద్ద ఇల్లు కొన్నప్పుడు నాకు రెండురోజులు అన్నం సయించలేదు. మొన్న ఫోన్లో అక్కే ఆనాటి ముచ్చట ఎత్తింది. "నా పేరు పిలుస్తుంటే నాకోసమే అనుకుని వచ్చానే. నువ్వు టోపీ తీశాక ఒక్కరూ నావైపు చూడలేదు. ఇప్పటికీ కడుపుమంటే నాకు," అంది. అయ్యో పాపం అన్నాను పైకి. లోపల మాత్రం ఎంత సంతోషం వేసిందో! నన్ను చూసి కూడా కుళ్ళుకునేవాళ్ళు ఉన్నారని ఆ ఊయలెక్కిన రోజే తెలిసింది, ఆ ధైర్యంతోనే ఇన్నేళ్ళూ అక్క పక్కన నవ్వుతూ నిలబడగలిగాను.