సన్యాసమ్మ పోసిన వేణ్ణీళ్లు

సన్యాసమ్మకి శుభ్రం పిచ్చి. ఎలమంచిలి పక్క పల్లె నుంచి విశాఖపట్నం వచ్చి, పోర్టులో సరుకులెత్తే కళాసీ పైడయ్యతో రేకుల గదిలో కాపరం పెట్టిన నాటి నుంచీ ఒకటే పంతం: పోర్టు ఇనపఖనిజం ఎర్రధూళి ఊరంతా పడనీ, తన గడపలో పడకూడదు. పేరంటానికైనా, ఆసుపత్రికైనా పిల్లకి తలంటకుండా గడప దాటించేది కాదు. నలుగురూ కూలోళ్ల పిల్ల అంటారేమోనని బెంగ. అందులో తప్పేముంది చెప్పండి?

ఆ పిల్ల గౌరీశ్వరి. ఏడేళ్లది. డెబ్బై ఎనిమిదిలో చలి మొదలయ్యాక పొద్దున్నే మంచం దిగలేకపోయేది. మోకాళ్లు వంగవు, వేళ్లు ముడుచుకోవు, గౌను బొత్తాం పెట్టుకోలేదు. నిలబెడితే కుయ్యోమంటుంది. అదే పిల్ల మధ్యాహ్నానికి వీధిలో తొక్కుడుబిళ్ల ఆడుతుంది! ఇక ఎవరు నమ్ముతారు?

“బడి ఎగ్గొట్టడానికి దొంగేసాలు,” అన్నాడు పైడయ్య. “వాతం ముసిలోళ్లకొత్తాది గానీ సిన్నపిల్లలకొత్తాదేటి?”

సన్యాసమ్మకి మాత్రం అనుమానం పీకుతూనే ఉంది. పేటలో రమణమూర్తి డాక్టరు దగ్గరికి బయల్దేరింది. అలవాటు ప్రకారం పిల్లకి నూనె మర్దించి, వేణ్ణీళ్లు గుమ్మరించి, ఉతికిన గౌను తొడిగింది. డాక్టరుగారు మోకాళ్లు వంచి చూశారు, హాయిగా వంగాయి. నడవమంటే నడిచింది. కాస్త వాపుంటే ఆటల్లో పడి ఉంటుందన్నారు. టానిక్కు రాసిచ్చారు. ఆ చలికాలంలో మళ్లీ మళ్లీ తీసుకెళ్లింది, ప్రతిసారీ తలంటి మరీ.

చివరికి మొగుడి మాటే నిజమనిపించింది. ఓ పొద్దున మంచం దిగనని మొండికేసిన పిల్లని చీపురు తిరగేసి కొట్టింది. గౌరి గోడ పట్టుకుని, కుంటుతూ వెళ్లి పలక సంచీ తీసుకుంది. ఆ తరవాత నొప్పని చెప్పడం మానేసింది.

ఎండాకాలం వచ్చింది, కుళాయిలు ఎండిపోయాయి. ఓ రోజు తెల్లారేసరికి గౌరికి జ్వరం, కుడి మోకాలు బూరెలా పొంగిపోయింది. ఇంట్లో తాగడానికి తప్ప నీళ్లు లేవు. సిగ్గుతో చచ్చిపోతూ, జిడ్డు మొహం పిల్లని చంకనేసుకుని సన్యాసమ్మ పరుగెత్తింది.

“నీల్లు రానేదు బాబూ, తానం సేయించకుండా తెచ్చీసేను. ఏటీ అనుకోకండి,” అంది ముందే.

రమణమూర్తిగారు మోకాలు వంచబోయి ఆగిపోయారు. “రోజూ ఇంతేనా?”

“పొద్దున్నే ఇంతే బాబూ. నూన్రాసి ఉడుకునీల్లు పోత్తే సర్దుకుంటాది. తమరికాడికి ఎప్పుడూ పోసే తెచ్చేను.”

ఆయన పిల్ల వేళ్లూ మణికట్లూ కూడా ఒక్కొక్కటే మెల్లిగా వంచి చూశారు. తరవాత రక్తపరీక్షలకీ ఎక్స్‌రేకీ పంపారు. అవి చూసి చెప్పారు: పిల్లలకీ కీళ్లవాతం వస్తుందట. పొద్దున పట్టేయడమే దాని గుర్తట, వేడి తగిలితే సడలుతుందట. అన్నం తిన్నాక ఆస్పిరిన్ మాత్రలు, రోజూ కాళ్లు చాపించే కసరత్తు, ఈ జబ్బు కళ్లకీ పాకొచ్చు కనక అప్పుడప్పుడూ కళ్ల పరీక్ష.

“వేణ్ణీళ్లు మానకమ్మా, మంచివే. నా దగ్గరికొచ్చే రోజు మాత్రం పొయ్యకు,” అన్నారు. ఆలస్యమైంది కనక కుడికాలు పూర్తిగా చాపుకోలేకపోవచ్చని కూడా చెప్పారు.

సన్యాసమ్మకి అప్పుడు అర్థమైంది. బిడ్డ జబ్బుని తానే నీళ్లు పోసి దాచేసింది. దాచి, పైగా కొట్టింది కూడా.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో పైడయ్య ఎదురొచ్చాడు. “ఏటన్నాడు డాక్టరు?”

ఆమె పిల్లని ఇంకాస్త పైకెత్తుకుంది. చంకలోంచి గౌరి తల్లి చెవి దగ్గర అంది:

“నాను దొంగేసాలెయ్యనేదని సెప్పీయే అమ్మా.”