మూడో ప్రశ్నకి తెలియదనాలి

పాఠం చెప్పడం నాకు బి.ఇడి. కాలేజీ నేర్పిందని సర్టిఫికెట్‌లో ఉంది. కానీ మొదటి రోజు నాకు ఆ పని నేర్పబోయింది ఒక ఆరో తరగతి పిల్ల. ఎనభైల మధ్య మాట ఇది. గుంటూరులో మిర్చి యార్డుకి వెళ్లే దారిలో ఒక మునిసిపల్ స్కూలు ఉండేది. మా కాలేజీ ట్రైనీలు ఏటా అక్కడికే ప్రాక్టీసుకి వెళ్లేవాళ్లు. చార్టు చుట్ట చంకలో పెట్టుకుని నేను క్లాసులో అడుగుపెట్టగానే రెండు జడల క్లాసు లీడరు లేచి నిలబడి, ప్రేరణ ప్రశ్నలు ఎన్నండీ అని అడిగింది. మూడన్నాను.

"అయితే రెండింటికి టకటకా చెప్పేస్తామండీ. మూడోదానికి తెలియదంటాం. అప్పుడు మీరు బోర్డు మీద పాఠం పేరు రాసుకోండి" అంది.

అది వెక్కిరింత కాదు. సాయం చేస్తున్నాననే అనుకుంది పాపం. మా శిక్షణలో పాఠానికి మెట్లుండేవి. ముందు పిల్లలకి తెలిసినవి అడగాలి, అడుగుతూ అడుగుతూ తెలియనిదాని దగ్గరికి తీసుకురావాలి, వాళ్లు తెల్లమొహం వేయగానే "ఈ రోజు మనం నేర్చుకోబోయేది" అంటూ పాఠం పేరు ప్రకటించాలి. దాన్ని ప్రేరణ అనేవాళ్లు. తర్వాత ప్రదర్శన, మూల్యాంకనం, ఇంటిపని, అన్నీ నలభై నిమిషాల్లో. పద్ధతి చెడ్డదేం కాదు. కానీ ఏటా ట్రైనీలు దిగి, బొమ్మలు బాగా కుదిరే అవే నాలుగు పాఠాలు చెప్పిపోతుంటే పిల్లలకి మా పని మాకన్నా బాగా వచ్చేసింది. ఆకు ఆహారం తయారుచేసుకునే పాఠం ఆ ఏడాదిలోనే అయిదుసార్లు విన్నారట. చార్టు ఎప్పుడు విప్పాలో కూడా కళ్లతో సైగ చేసేవాళ్లు. "అర్థమైందా?" అంటే చాలు, గోడలు అదిరేలా "అర్థమైందండీ" అనేవాళ్లు.

నాకు ఒళ్లు మండింది, పిల్లల మీద కాదు. మా అమ్మ పర్చూరు పక్క నల్లరేగడి చేలల్లో పత్తి తీతకు వెళ్లి, మా నాన్న వీపున పురుగుమందు డబ్బా మోసి నన్ను చదివించారు. మా పేట చర్చిలో ఆదివారం ఆదివారం నా చదువు కోసం ప్రార్థన చేయించేవాళ్లు. అంతమంది మోకాళ్ల మీద కూర్చుని దేవుణ్ణి అడిగింది నేను ఈ నాటకం నేర్చుకోవడానికేనా అనిపించింది.

ఏడాది చివర ఫైనల్ లెసన్ ఉండేది. బయటి ఊరి ఎగ్జామినరు వచ్చి వెనక బెంచీలో కూర్చుంటారు. ప్రాక్టికల్స్‌లో ఫస్ట్ క్లాసు వస్తుందా రాదా అన్నది ఆ ఒక్క పీరియడే తేలుస్తుంది. మా ఊరికి దగ్గర్లో ఒక మిషన్ హైస్కూల్లో లెక్కల పోస్టు ఖాళీగా ఉంది. ఫస్ట్ క్లాసు తెచ్చుకుంటే అది మీ అమ్మాయికే అని అక్కడి హెడ్మాస్టరు నాన్నతో చెప్పి ఉన్నారు. మా ఇంట్లో నేను అప్పటికే టీచర్ని అయిపోయినట్టే. అమ్మ నాకు స్కూలుకి కట్టుకోవడానికని రెండు నేత చీరలు కూడా తీసి పెట్టింది.

లెక్కలు ఎలా చెప్పాలో మాకు నేర్పే మాస్టారు మంచాయన. పాఠం రెండు రోజుల ముందే ఒకసారి చెప్పేసి ఉంచమని, ఫైనల్ రోజు కొత్తగా మొదలుపెట్టినట్టు మళ్లీ చెప్పమని సలహా ఇచ్చారు. అందరూ చేసేదే. నేను చేయనన్నాను. అంతటితో ఆగలేదు. పిల్లల లెక్కల నోట్సులు తిరగేస్తే భిన్నాల భాగహారం దగ్గర పేజీలన్నీ ఖాళీ. దానికి బొమ్మ కుదరదని ట్రైనీలెవరూ ముట్టుకోరు. పరీక్షలో మాత్రం వస్తుంది. నాకదే కావాలన్నాను.

మాస్టారు తల పట్టుకున్నారు. "పిల్లలకి తెలియని పాఠం పెట్టుకుని ఎగ్జామినరు ముందుకెళ్తావా అమ్మా? నోటికాడ కూడు తన్నుకోమాక" అన్నారు.

తెలియదనే కదండీ చెప్పేది అన్నాను. పొగరుగానే అన్నాను.

ఫైనల్ నాటికి యార్డులో సరుకు జోరుగా దిగుతోంది. క్లాసంతా తుమ్ములే. ఎగ్జామినరు గారు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆయన పక్కన పరిశీలన పుస్తకాలు పట్టుకుని నా తోటి ట్రైనీలు కూర్చున్నారు. ప్రేరణ సాఫీగా సాగింది. మూడో ప్రశ్నకి పిల్లలు నిజంగానే తెలియదన్నారు. అరని పావుతో భాగించడం బోర్డు మీద చేసి చూపించాను. రెండో భిన్నాన్ని తిరగేసి గుణించాలి, జవాబు రెండు. అర్థమైందా అన్నాను. గోడలు అదిరాయి. లీడరు మాత్రం లేచి నిలబడింది.

"నాకర్థం కాలేదండీ" అంది. "పంచితే తగ్గాలి గదండీ. అర ఉన్నది రెండెట్టా అయిందండీ?"

తిరగేసి గుణించాం కాబట్టి అన్నాను. ఎందుకు తిరగెయ్యాలండీ అంది.

వాళ్లమ్మ గోదాముల్లో మిరపకాయలకి తొడిమలు తీసేది. సెలవు రోజుల్లో ఈ పిల్లా పక్కన కూర్చునేది. పెద్ద రాశిని నలుగురికి పంచితే ఒక్కొక్కరి ముందు కుప్ప చిన్నదవడం కళ్లారా చూసిన పిల్ల. అది రూలు, కూర్చో అంటే కూర్చునేది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా. బి.ఎస్సీ. లెక్కలు పాసైన నాకు తిరగెయ్యడమే తెలుసు గానీ ఎందుకు తిరగేస్తామో తెలియదని అప్పుడే తెలిసింది. చెప్పలేనంత సిగ్గేసింది.

"నాకూ తెలియదు" అన్నాను. "ఇద్దరం కలిసి చూద్దాం."

వెనక తోటి ట్రైనీల పెన్నులు ఆగిపోయాయి. నేను వారం రోజులు కూర్చుని రాసిన చార్టు గోడకి వేలాడుతోంది. దాని మీద ఉన్నది ఆ రూలే, రంగురంగుల అక్షరాల్లో. దాన్ని తీసి సగానికి చించాను. ఒక సగం నేల మీద పరిచాను. రెండో సగాన్ని మళ్లీ సగం చేసి, ఆ పావు ముక్క లీడరు చేతికిచ్చాను. అరలో ఇలాంటి పావులు ఎన్ని పడతాయో పెట్టి చూడమన్నాను. ఆమె గొంతుక్కూర్చుని ముక్కని ఒకసారి పెట్టింది, పక్కకి జరిపి ఇంకోసారి పెట్టింది.

"రెండు ముక్కలండీ! నేను రెండు చార్టులనుకున్నా" అంది.

చార్టు మొత్తంలో ఎన్ని పావులని అడిగాను. నాలుగన్నారు. అరలో అయితే అందులో సగం. పావులోని నాలుగు పైకెందుకు ఎక్కిందో పిల్లలతో పాటు నాకూ అప్పుడే వెలిగింది. నవ్వొచ్చేసింది. ఎగ్జామినరు ఉన్నారన్న సంగతే మర్చిపోయాను. ఈలోగా లీడరు మళ్లీ తలెత్తి, పావు కాక ముప్పావుతో భాగిస్తే మూడు కిందికెందుకు పోద్దండీ అని అడిగింది. గంట కొట్టారు.

మూల్యాంకనం ఏదని అడిగారు ఎగ్జామినరు గారు. అక్కడిదాకా రాలేదన్నాను. ఇంటిపని ఏదన్నారు. ఇవ్వలేదన్నాను. చార్టు ఎక్కడన్నారు. నేల మీది ముక్కలు చూపించాను. ఆయన ఏదో రాసుకుని పక్క క్లాసుకి వెళ్లిపోయారు. మధ్యాహ్నం మాస్టారు నన్ను పిలిచి, పాసు చేశారు గానీ ఫస్ట్ క్లాసు పోయిందమ్మా అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ పోస్టు ఇంకొకరికి వెళ్లింది. నాకు ఉద్యోగం రావడానికి మరో రెండేళ్లు పట్టింది. ఆ సాయంత్రం నాన్నకి రాద్దామని కార్డు తీసుకుని, ఒక్క ముక్కా రాయలేక హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఏడుస్తున్నా ఆ ముప్పావు నన్ను వదల్లేదు. పాత పేపరు తెచ్చుకుని చించడం మొదలుపెట్టాను. కొలిచే ముక్క మూడింతలు పెద్దదైతే, పట్టే ముక్కల లెక్క మూడో వంతుకి పడిపోతుంది. అందుకే మూడు కిందికి పోతుంది. ఇంతే సంగతి. ఇన్నేళ్ల చదువులో ఇది నాకు ఎవరూ చెప్పలేదు. అంతకన్నా సిగ్గుచేటు, నేనూ ఎవర్నీ అడగలేదు.

మర్నాడు ఆ స్కూలుకి వెళ్లాల్సిన పని లేదు. మా ప్రాక్టీసు ముగిసిపోయింది. వెళ్లాను. అక్కడి లెక్కల మాస్టారు తన పీరియడ్ సంతోషంగా నాకిచ్చి టీ తాగడానికి పోయారు. నన్ను చూడగానే పిల్లలు చేతులు కట్టుకుని నిటారుగా సర్దుకున్నారు. లీడరు నా వెనక గుమ్మం వైపు చూసింది.

"ఎగ్జామినరు గారు మళ్లా వస్తన్నారా టీచర్?"

రారన్నాను. ఇక ఎవరూ రారని, మార్కులు కూడా వేసేశారని చెప్పాను.

"మరెందుకొచ్చారండీ?"

"నిన్న నువ్వడిగినదానికి నేను జవాబు చెప్పలేదుగా."

కిటికీ పక్కనున్న ఒకడు మెల్లగా లేచి, నిన్న తనకి కూడా అర్థం కాలేదన్నాడు. వాడి వెనక ఇద్దరు లేచారు. తర్వాత బెంచీలకు బెంచీలే లేచాయి. కూర్చున్నవాళ్లే తక్కువ. చివరి వరసలో ఒక పిల్ల, భిన్నాల సంగతి కాదండీ, నాకు అసలు భాగహారమే రాదండీ అంది. నేను బోర్డు మొత్తం తుడిచి భాగహారం నుంచి మొదలుపెట్టాను.