ఈ కొస, ఆ కొస, తర్వాత నడుమ

మా పిన్నికి ఎడమచేతి బొటనవేలు లేదు. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా గేదెలకు చొప్ప కోసే మిషనులో పోయింది. బొటనవేలు లేని చేయి ఏయే పనులు చేయలేదో ఆ తర్వాత మాకు ఒక్కొక్కటిగా తెలిసివచ్చింది. మిరపకాయలు కోయగలదు గాని తొడిమలు తీయలేదు. పత్తి తీయగలదు గాని తోటివాళ్ళు రెండు సాళ్ళు ముగించేసరికి తనది ఒక్కటి అయ్యేది. కూలి ముఠాను నడిపే ఆవిడ మొదటి ఏడాది జాలిపడి పిలిచింది. రెండో ఏడాది మరిచిపోయినట్టు ఊరుకుంది. పిన్ని ఆ ప్రస్తావన ఎన్నడూ ఎత్తలేదు. పొద్దున్నే ముఠా ఆటో మా వీధి మొదట్లో ఆగి మనుషులను ఎక్కించుకుని కదిలేటప్పుడు మాత్రం, మా రెండిళ్ళకూ ఉమ్మడిగా ఉన్న వాకిలి ఊడుస్తున్న చీపురు ఆపి కాసేపు నిలబడేది.

నా డిగ్రీ పూర్తయిన ఏడాది చిలకలూరిపేటలో ఆడవాళ్ళకు టెడ్డీ బేర్ బొమ్మల తయారీ నేర్పుతున్నారని తెలిసింది. హైవే పక్కన, పత్తి విత్తనాలు అమ్మే దుకాణం పైనున్న హాల్లో నెల రోజుల శిక్షణ. నెల చివర మొత్తం బొమ్మను ఎవరి సాయం లేకుండా కుట్టి చూపినవారికి, కత్తిరించిన బట్ట ముక్కలు ఇంటికి ఇచ్చి కుట్టిస్తారు. కుట్టలేనివారు హాల్లోనే కూర్చుని బొమ్మల్లో దూది కూరాలి, అదీ కబురు పంపిన రోజుల్లోనే.

"దూది కూరటానికి నేను రాను," అంది పిన్ని, బయలుదేరిన రోజునే. "ఎవరూ పిలవక్కర్లేని పని కావాలే నాకు. పొద్దున లేస్తే నా పని నా ఇంట్లో ఉండాల."

నేను ఉద్యోగ ప్రకటనలు చూసుకుంటూ ఇంట్లోనే ఉన్నాను కనుక ఆమెకు తోడుగా వెళ్ళాను. నేర్పే మేడం గారు గుంటూరు నుంచి సోమవారాలు మాత్రమే వచ్చేవారు, తక్కిన రోజుల్లో మాకు మేమే కుట్టి చూసుకోవాలి. మొదటి సోమవారం ఆవిడ ఇంగ్లీషులో అచ్చయిన నమూనా కాగితం ఒకటి పైకెత్తి, చదవగలిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. నేను సంకోచిస్తుండగానే పిన్ని నా మోచేయి పట్టుకుని పైకెత్తింది. "మా అమ్మాయి డిగ్రీ అండి. మా రెండిళ్ళలోకి ఇదే మొదలు."

ఆ కాగితాన్ని తెలుగులోకి రాసే పని అలా నాకు వచ్చింది. రెండు రోజులు కూర్చుని, తప్పులు లేకుండా, గుండ్రని అక్షరాలతో రాశాను. బొమ్మ ముక్కల ఆకారాలను అట్టల మీదికి ఎత్తి, కత్తిరించి, అందరికీ పంచాను. అచ్చు కాగితంలో ఆకారాల అంచుల వెంట అక్కడక్కడ చిన్న అడ్డగీతలు ఉన్నాయి. వాటికి పేరు గాని వివరణ గాని లేవు. ఎందుకో అర్థం కాక, అట్ట మీద అందంగా కూడా ఉండవనిపించి వాటిని వదిలేశాను.

ఎలుగుబంటి తల మూడు ముక్కలు. రెండు చెంపలు, వాటి నడుమ ముక్కు కొస నుంచి మెడ వెనక దాకా సాగే ఒక పట్టీ. కష్టమంతా ఆ పట్టీని చెంపతో కలపడంలోనే ఉంది. బట్ట నున్నని బొచ్చు బట్ట. రెండు పొరలు బొచ్చు లోపలికి వచ్చేట్టు ఒకదాని మీద ఒకటి పెడితే, ఒకటి ఇటు, ఒకటి అటు పాకుతుంది. గుండుసూదులు పెడితే బొచ్చులో మునిగిపోతాయి, వంపు దగ్గర పక్కకు ఒరుగుతాయి. ముక్కు దగ్గర మొదలుపెట్టి మెడ దాకా వచ్చేసరికి పట్టీ అంగుళం మిగిలేది. మిగిలినదాన్ని కత్తిరించేవాళ్ళం. అందువల్ల బొమ్మకు ఒక చెంప పైకి, ఒక చెంప కిందికి వచ్చేది. తక్కినవాళ్ళు బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ బట్టను నొక్కిపట్టి, లాగి, ఎలాగో సర్దేవారు. పిన్నికి నొక్కిపట్టే వేలే లేదు. ఆమె బొమ్మలన్నీ తల తిప్పుకుని ఉండేవి.

"ఏంది పిన్నీ, నీ ఎలుగ్గొడ్డు ఎవర్నో వారగా చూస్తంది," అనేది పక్క చాప మీది ఆవిడ.

"మీ ఆయన్నిలే," అనేది పిన్ని తలెత్తకుండా.

హాలంతా నవ్వేది. బస్సెక్కాక పిన్ని మొహాన నవ్వు ఉండేది కాదు. బట్టలు ఆరేసే క్లిప్పులు కొని తెచ్చి బిగించి చూశాం. తిన్నని అంచుల దగ్గర నిలిచాయి గాని, ముక్కు వంపు దగ్గర ఎగిరి పడ్డాయి. ఆమె నోట్లో బట్ట కొస పట్టుకుని కుట్టే ప్రయత్నం కూడా చేసింది. బొచ్చు గొంతులోకి పోయి దగ్గు ఆగలేదు.

మూడో వారంలో నేను ఒక పని చేశాను. ఒక సాయంత్రం ఆమె గేదెల దగ్గర ఉన్నప్పుడు, ఆమె సంచిలోని తల ముక్కలను తీసి, తెల్ల దారంతో దూరం దూరంగా కచ్చా కుట్టు వేసి, పొరలు కదలకుండా కలిపి పెట్టాను. నా వేళ్ళన్నీ ఉన్నాయి కనుక ఓ మాదిరిగా కుదిరింది. దాని మీద అసలు కుట్టు వేసుకోవడం ఆమెకు తేలిక అవుతుందనుకున్నాను. మర్నాడు హాల్లో సంచి తెరిచి ఆమె ఆ కుట్టును వేలితో తడిమి చూసింది.

"ఎవరేశారు ఇది?"

"నేనే పిన్నీ. కాస్త సులువుగా ఉంటుందని..."

ఆమె దారం కొస పట్టుకుని లాగింది. కచ్చా కుట్టు కనుక మొత్తం ఒక్క లాగుకే వచ్చేసింది. ఆ దారాన్ని చూపుడువేలికి చుట్టి, ఉండ చేసి, నా చేతిలో పెట్టింది.

"రేపు నీకు ఉద్యోగం వస్తే ఎల్లిపోతావు. రోజూ వచ్చి కట్టిపెడతావా నాకు? అప్పుడు కూడా ఎవరో పిలిస్తేనేగా నా పని."

నేను ఆ ఉండను సంచిలో వేసుకున్నాను.

పరీక్ష ఉన్న చివరి సోమవారానికి ముందు రోజు, ఆదివారం మధ్యాహ్నం, తూర్పున మబ్బు పట్టింది. మా మిరపకాయలు కల్లంలో ఎండుతున్నాయి. నాన్న అప్పటికే ఎండిన కాయల బస్తాలతో గుంటూరు యార్డుకు వెళ్ళాడు. అమ్మ, పిన్ని, నేను టార్పాలిన్ పట్టా మోసుకుని కల్లానికి పరుగెత్తాం. గాలికి పట్టా చేతుల్లో నిలవడం లేదు. నేను ఒక మూల దొరకబుచ్చుకుని, అంచు వెంట వరసగా రాళ్ళు పెట్టుకుంటూ నడవసాగాను.

"ఏమే, చదువుకున్నదానా," అవతలి వైపు నుంచి పిన్ని అరిచింది. "అట్టా ఒక పక్క నుంచి పెట్టుకుంటా వస్తే చివరికొచ్చేతలికి పట్టా అంతా నా మీద పోగవుద్ది. ముందు ఈ కొస, ఆ కొస. తర్వాత నడుమ. ఆ తర్వాత ఆ సగానికి సగం."

పెట్టిన రాళ్ళు తీసేశాను. ఈ కొసకు ఒకటి, ఆ కొసకు ఒకటి, నడుమ ఒకటి. పట్టా తనంతట తానే సర్దుకున్నట్టు అయింది. ఎక్కడా పోగు పడలేదు. చినుకులు మొదలయ్యాయి. పిన్ని మాత్రం ఆఖరి రాయి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"చూడవే," అంది. "మనం ఆ ఎలుగ్గొడ్డు మొహానికి ఇట్టా చేశామా?"

చేయలేదు. నెల రోజులుగా ముక్కు నుంచి మెడకు వరసగా నడుస్తూనే ఉన్నాం.

ఇంటికి వచ్చి, తల తుడుచుకోకుండానే, పెట్టెలోని ఇంగ్లీషు కాగితం తీశాను. చెంప ముక్క అంచున ముక్కు దగ్గర ఒక అడ్డగీత, చెవి వచ్చే చోట ఒకటి, మెడ దగ్గర ఒకటి. పట్టీ అంచున కూడా సరిగ్గా అవే మూడు. ఈ గీత ఆ గీతతో కలవాలి. ముందు కొసలు, తర్వాత నడుమ. కాగితం మొదటి రోజు నుంచి చెబుతున్నది పిన్ని కల్లంలో అరిచి చెప్పినదే. అర్థం కాలేదని దాన్ని వదిలేసింది నేను. హాల్లో ఇరవై మంది బొమ్మల మొహాలను వంకరగా కుట్టడానికి, అన్నిటికన్నా వంకర బొమ్మలు పిన్నివి కావడానికి, నా గుండ్రని అక్షరాలే కారణం.

"ఈ గీతలు నేనే వదిలేశాను పిన్నీ."

"ఎందుకే?"

"ఎందుకో తెలియక."

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. "తెలవంది వదిలేస్తారా చదువుకున్నోళ్ళు? మేమైతే అడుగుతాం," అని, చెంప ముక్క ముందుకు తోసింది. "గియ్యి."

పెన్నుతో గీతలు గీశాను. ఆ తర్వాత నన్ను ముట్టుకోనివ్వలేదు. సబ్బు ముక్కలో సూదిని నిలబెట్టి, కుడిచేత్తో దారం ఎక్కించుకుంది. ముక్కు గీతలు కలిపి ఒక ముడి. మెడ గీతలు కలిపి ఒక ముడి. చెవి దగ్గర ఒకటి. తర్వాత సగాలకు సగాలు. ఐదు చోట్ల ముడి పడ్డాక బొచ్చు బట్టకు పాకే దారి లేకపోయింది. ఇక కావలసింది బిగువు. పిన్ని గోడకు ఆనుకుని, తాడు పేనేటప్పుడు చేసినట్టే, ముక్క కొసను కాలి బొటనవేలికీ పక్కవేలికీ నడుమ ఇరికించి, రెండో కొసను ఎడమచేతి నాలుగు వేళ్ళతో లాగి, కుడిచేత్తో కుట్టసాగింది.

అమ్మ గుమ్మంలోంచి చూసి నొచ్చుకుంది. "బొమ్మను కాలితోనా? చంటిపిల్లలు ఆడుకునేది."

"మొహం ఇంకా రాలా అక్కా. కళ్ళు పెట్టిందాకా గుడ్డేగా."

ఆ రాత్రి భోజనాల ముందే తల పూర్తయింది. రెండు కళ్ళూ బిగించగానే ఆమె కాళ్ళు మడిచి దూరంగా పెట్టుకుంది. బొమ్మను రెండు చేతులతో ఎత్తి, ఒకసారి కళ్ళకద్దుకుని, గూట్లో పెట్టింది. అది తిన్నగా మా వైపే చూస్తోంది.

మర్నాడు పరీక్ష మొదలవక ముందే నేను మేడం గారి దగ్గరకు వెళ్ళి, గీతలు వదిలేసిన సంగతి చెప్పాను. ఆవిడ నా అట్టను, అచ్చు కాగితాన్ని పక్కపక్కన పెట్టి చూశారు.

"నా చేతికి అలవాటైపోయి నేనూ చూసుకోలేదమ్మా," అన్నారు. "పరీక్ష మధ్యాహ్నం పెడదాం. ఈలోపు అందరి అట్టల మీదా గీసెయ్యి."

గీశాను. ఎలా కలపాలో మాత్రం పిన్నినే చెప్పమన్నాను. ఆమె తన కొంగునే పట్టాగా పరిచి చూపించింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళకు కల్లం మీద పట్టా కప్పడం గురించి రెండోసారి చెప్పనక్కర్లేదు.

పరీక్షలో పిన్ని కాలు చాపగానే మేడం గారు ఆగిపోయారు. "అదేంటండీ, కాలితో?"

"సబ్బుతో కడుక్కునే కూర్చున్నానండి. కళ్ళు పెట్టాక తీసేస్తానండి."

హాలు నవ్వింది. మేడం గారు నవ్వలేదు. చీర సర్దుకుని పిన్ని ఎదురుగా నేల మీద కూర్చుని, కుట్టు ముక్కు నుంచి మెడ దాకా వెళ్ళేంతవరకు చూశారు. పూర్తయిన బొమ్మ చెవులు రెండూ పట్టి లాగారు. మెడ తిప్పారు. కుట్టు మీద గోరు పెట్టి గీశారు. పక్క చాప మీది ఆవిడ వంగి అడిగింది: "ఇప్పుడెవర్ని చూస్తంది పిన్నీ?"

"నిన్నే. సూటిగా."

సాయంత్రం పది బొమ్మల ముక్కలున్న సంచి పిన్ని ఒళ్ళో ఉంది. బస్సులో నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు. నేను ఆ రాత్రే నా తెలుగు కాగితాన్ని తిరగరాశాను. తెలియని గుర్తు కనబడితే మేడం గారిని అడగవలెను అని చివర ఒక వాక్యం చేర్చాను. అది ఎక్కువగా నా కోసమే.

మంగళవారం పొద్దున ముఠా ఆటో ఎప్పటిలాగే వీధి మొదట్లో ఆగింది. ఆ రోజు ఎవరో రాలేదేమో, ముఠా ఆవిడ దిగి మా వాకిట్లోకి వచ్చింది. పిన్ని అరుగు మీద కాలు చాపుకుని, చెంప ముక్కకు పట్టీ కలుపుతోంది. మెడ దగ్గర ముడి అయింది, ముక్కు దగ్గర అయింది. నడుమ గీతలు కలిపే పనిలో ఉంది.

"వస్తావా అక్కా, రెండు సాళ్ళు మిగిలినయ్?"

పిన్ని సూదిని నోటితో పట్టుకుని దారం బిగించి, ముడి వేసి, తెంపాక గాని జవాబు చెప్పలేదు.

"పనిలో ఉన్నానమ్మా," అంది.